కోఠీ బస్టాపులో ఎవరూ చదవని స్తంభం

మూసీగట్టు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా ఆఫీసుకు వెళ్లేటప్పుడు నేను కోఠీలో బస్సు మారుతున్నాను. ఉమెన్స్ కాలేజీ దగ్గర దిగడం, జనంలోంచి తోసుకుంటూ పరుగెత్తి ఇంకో బస్సు ఎక్కడం, అంతే. అక్కడొక స్మారక స్తంభం ఉందని తెలుసు. దాని పక్కన నిలబడి ఎన్నోసార్లు నీళ్లు తాగాను, చెప్పు తెగితే దానికి ఆనుకుని కుట్టించుకున్నాను. ఎవరి కోసం కట్టారో మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

మొన్న వానకు బస్సులు ఆగిపోయాయి. ముప్పావుగంట కదల్లేదు. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. అప్పుడు మొదటిసారి అటు తిరిగాను. 1857లో ఇదే చోట పోరాడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల గుర్తు అది. ఇంటికొచ్చి రాత్రంతా దాని గురించే చదివాను. తెలిసింది మీతో పంచుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

1857 అనగానే మనకు మీరట్, ఢిల్లీ, ఝాన్సీ గుర్తొస్తాయి. ఆ ఏడాది జూలైలో చీదా ఖాన్ అనే జమేదారు, అతనితో కొందరు సిపాయిలు బ్రిటిష్ కొలువు వదిలి, నిజాం దగ్గర రక్షణ దొరుకుతుందని హైదరాబాద్ వచ్చారు. దివాను సాలార్ జంగ్ వాళ్లను పట్టుకుని, బ్రిటిష్ ప్రతినిధి ఉండే రెసిడెన్సీకి అప్పగించారు. ఆ రెసిడెన్సీయే తర్వాత ఉమెన్స్ కాలేజీ అయింది. జూలై 17 శుక్రవారం. మక్కా మసీదులో నమాజు అయ్యాక, వాళ్లను విడిచిపెట్టాలని జనం కదిలారు. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ ముందు నడిచారు. వెనక రోహిల్లాలు (పఠాన్ సిపాయిలు), ఊరి జనం కొన్ని వందల మంది. పుత్లీబౌలి వైపు రెసిడెన్సీ గోడకు ఎదురుగా ఉన్న రెండు ఇళ్లలోకి చేరి రాత్రంతా కాల్పులు జరిపారు. లోపలివాళ్ల దగ్గర ఫిరంగులున్నాయి, దాడి కబురు ముందే అందింది. తెల్లవారే లోపల వీళ్లు వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు. ద్వీపాంతర శిక్ష వేశారు. 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకున్నాడు కానీ వారం తిరక్కుండానే తూప్రాన్ దగ్గర చంపేశారు. శవాన్ని నగరానికి తెచ్చి, జనం చూడాలని వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు. ఆయన అక్కడే కన్నుమూశాడు. ఈ దాడి తర్వాతే రెసిడెన్సీ చుట్టూ గోడలు బలపరిచి బురుజులు కట్టించారు.

ఇదంతా నేను రోజూ బస్సు కోసం చేయి ఊపే చోట జరిగింది. ఆ రోజు స్తంభానికి ఎవరిదో ఫ్లెక్సీ తాడు కట్టి ఉంది. విప్పుదామని చేయి వేశాను, ముడి రాలేదు. చాలా బాధనిపించింది.

మీ మీ ఊళ్లలో ఇలా రద్దీ రోడ్డు మీద ఉండి కూడా కంటికి ఆనని యుద్ధ స్మారకాలు ఉంటే రాయండి. ఎక్కడుంది, ఎవరి కోసం, ఇప్పుడెలా ఉంది, అంత చాలు.

పాతబస్తీ పిల్ల (హైదరాబాద్)

అన్నా, "పెద్ద తుర్రం ఖాన్ లెక్క మాట్లాడుతున్నవ్" అని మా ఇంట్లో రోజుకు పదిసార్లు అంటారు. ఆ మాట ఈ తుర్రేబాజ్ ఖాన్ పేరు నుంచే వచ్చిందని మా తాత చెప్పేవాడు. ఎవరికీ భయపడనివాడు అని అర్థమట. ఇప్పుడు దాన్ని తిట్టులాగా వాడుతున్నాం. మీ పోస్ట్ చదివాక మా అమ్మకు కథంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మరి మనం ఇన్నాళ్లు ఆయన్ని ఎగతాళి చేసినట్టేనా" అంది.

కోరమంగళ వాసి (బెంగళూరు)

మాది అనంతపురం. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి పద్నాలుగేళ్లు. ఇక్కడ బ్రిగేడ్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు కలిసే చోట, ఒపేరా హౌస్ దగ్గర ఒక యుద్ధ స్మారకం ఉంది. చుట్టూ కంచె, ఆ కంచె చుట్టూ నాలుగు వైపులా బండ్లు. శనివారం సాయంత్రం ఆ కూడలిలో ఎన్ని వేలమంది తిరుగుతారో మీరే ఊహించుకోండి. పక్కనే సెల్ఫీలు దిగుతారు. ఫొటోలో ఆ రాయి అడ్డం వస్తోందని రెండడుగులు జరుగుతారు. నేనూ జరిగాను.

అది మద్రాసు పయనీర్ పటాలాలది. 61, 64, 81 నంబర్ల పటాలాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన వాళ్ల సైనికుల కోసం నిలిపారు. పయనీర్లంటే తుపాకీతో పాటు పార, గునపం మోసిన సైనికులు. మిగతా సైన్యం నడవాలంటే ముందు వీళ్లు దారి వేయాలి, వంతెన కట్టాలి, కందకం తవ్వాలి. కాల్పులు మొదలైతే పార పక్కన పెట్టి తుపాకీ పట్టాలి. 61వ పటాలం 1914 నవంబర్‌లో తూర్పు ఆఫ్రికాలోని టాంగా దగ్గర పోరాడింది. ఇప్పుడది టాంజానియాలో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెల్లోంచి వెళ్లినవాళ్లు, సముద్రం అప్పటిదాకా చూసి ఉండరు చాలామంది, అంత దూరం వెళ్లి ఆ మట్టిలో కలిసిపోయారు.

1933లో పయనీర్ పటాలాలన్నీ రద్దు చేశారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. వేరే రెజిమెంట్లకైతే ఈనాటికీ వారసులున్నారు, ఏటా పూలు పెడతారు, బ్యూగిల్ ఊదుతారు. ఈ పటాలాలు పేరుతో సహా పోయాయి. మిగిలింది ఆ కూడలిలో రాయి ఒక్కటే.

సూటిమాట (వరంగల్)

నాకొక అభ్యంతరం ఉంది, చెప్పాలి. కోఠీ స్తంభం మీద మూసీగట్టు గారు రాసింది చదివి కళ్లు చెమర్చాయి. దాని కిందే బ్రిటిష్ సైన్యపు స్తంభం గురించి అదే గౌరవంతో రాయడం నాకు మింగుడు పడలేదు. తుర్రేబాజ్ ఖాన్‌ను చంపించింది ఏ ప్రభుత్వం? ఆ ప్రభుత్వం జీతానికి పనిచేసి, దాని సామ్రాజ్యం కోసం ఆఫ్రికా వెళ్లి చనిపోయినవాళ్లను, దాని మీద తిరగబడి చనిపోయినవాళ్లను ఒకే వరుసలో ఎలా నిలబెడతాం? మా ముత్తాత రజాకార్ల కాలంలో అడవిలో దాక్కుని బతికాడు. రాజ్యం చేతిలో ఆయుధం పట్టినవాడి పక్క నుంచి చరిత్ర చదవడం నాకు చేతకాదు. ఎవరినీ నొప్పించాలని కాదు.

సుబేదార్ గారి మనవడు (తాడేపల్లిగూడెం)

సూటిమాట గారూ, మీ అభ్యంతరం న్యాయమైనదే. మా ఇంట్లోనూ ఈ గొడవ జరిగింది. మా నాన్న కమ్యూనిస్టు, మా తాత పటాలం మనిషి.

మా పక్కన మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్లారు, ఇప్పటికీ ఇంటికొకరు సైన్యంలో ఉంటారు. అక్కడ యుద్ధ స్మారకం ఊరి నడుమ ఉంది. దాని ముందు నుంచి వెళ్తూ ముసలివాళ్లు ఇప్పటికీ తల వంచుతారు. ఆ తల వంచడం బ్రిటిష్ రాజుకు కాదు. పేరు తెలిసిన మనిషికి. ఫలానా వాళ్ల పెదతాత, ఫలానా వీధి చివరింటివాడు.

ఎందుకు వెళ్లారు అంటే, మా తాత ఒక్కటే చెప్పేవాడు: "ఆ ఏడు పంట పోయింది, చెల్లెలి పెళ్లి ఉంది." రాజభక్తి అనే మాట ఆయన నోట నేను వినలేదు. జీతం మనియార్డరు వస్తే ఆ డబ్బుతో ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఇంకోటి చెప్తాను. ఉత్తరాదిన, బెంగాల్‌లో ఒకప్పుడు సిపాయిని "తిలంగా" అని పిలిచేవారు. ఈస్టిండియా కంపెనీవాళ్లు మద్రాసు వైపు నుంచి తీసుకెళ్లిన తొలి సిపాయిల్లో తెలుగువాళ్లు అంతమంది ఉండేవారు కాబట్టి ఆ పేరు పడింది. మన జాతి పేరే సిపాయికి పేరైంది. తర్వాత అదే తెల్లదొరలు "మార్షల్ జాతులు" అని ఒక సిద్ధాంతం తెచ్చి, దక్షిణాది వాళ్లు యుద్ధానికి పనికిరారని పటాలాలు తగ్గించేశారు. అవసరం పడినప్పుడు మళ్లీ పిలిచారు. వాడుకోవడం, వదిలేయడం రెండూ వాళ్లే చేశారు. పోయినవాళ్లను మనం కూడా వదిలేస్తే ఇక వాళ్లకు ఎవరున్నారు?

యమునా తీరం (ఢిల్లీ)

ఢిల్లీలో తీన్ మూర్తి అంటే అందరికీ నెహ్రూ గారి ఇల్లు గుర్తొస్తుంది. ఆ ఇంటి ముందు రౌండ్‌అబౌట్‌లో నిలబడ్డ మూడు కంచు విగ్రహాల వల్లే ఆ పేరొచ్చింది. ఆ ముగ్గురిలో ఒకరు హైదరాబాద్ లాన్సర్, అంటే ఈటె పట్టిన గుర్రపు సైనికుడు. మిగతా ఇద్దరు మైసూరు, జోధ్‌పూర్ వాళ్లు. సంస్థానాల అశ్వికదళాలు కలిపి చేసిన బ్రిగేడ్ అది. మొదటి ప్రపంచ యుద్ధంలో సూయజ్, పాలస్తీనా, సిరియా దాకా వెళ్లింది. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణాన్ని గుర్రాల మీద వెళ్లి, మెషిన్ గన్లకు ఎదురుగా ఈటెలతో గెలిచారు. ఆ దాడి నేరుగా చేసింది మైసూరు, జోధ్‌పూర్ దళాలు. హైదరాబాద్ దళం కూడా ఆ యుద్ధరంగంలో అంతకుముందు నుంచీ ఉంది.

స్మారకం 1922లో కట్టారు. 2018 జనవరిలో ఆ కూడలికి తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు మార్చారు. ఆ వారం టీవీల్లో చూపించారు. తర్వాత మళ్లీ మామూలే. నేను రోజూ ఆ రౌండ్‌అబౌట్ చుట్టూ తిరిగి ఆఫీసుకు వెళ్తాను. అక్కడ రోడ్డు దాటి విగ్రహాల దగ్గరికి వెళ్లాలంటేనే భయం, బండ్లు ఆగవు. మా నాన్నగారు నల్గొండ నుంచి వచ్చినప్పుడు ఒక ఆదివారం పొద్దున్నే తీసుకెళ్లాను. "ఇంత దూరంలో మనవాడు నిలబడి ఉన్నాడా" అని ఆయన చాలాసేపు ఆ విగ్రహం కాళ్ల దగ్గరే ఉండిపోయారు. ఎండ ఎక్కుతోంది వెళ్దాం నాన్నా అన్నా కదల్లేదు.

మైలాపూర్ లక్ష్మి (చెన్నై)

సూటిమాట గారి ప్రశ్నకు మా చెన్నైలో ఒక జవాబుంది అనిపిస్తుంది.

మౌంట్ రోడ్డులో ఒకప్పుడు నీల్ అనే సైనికాధికారి విగ్రహం ఉండేది. మద్రాస్ ఫ్యూజిలియర్స్ అధికారి. 1857లో అలహాబాద్, కాన్పూర్‌లలో అతను జనాన్ని ఎలా ఉరి తీయించాడో చదివితే అన్నం సహించదు. ఆ విగ్రహం తీసేయాలని 1927లో సత్యాగ్రహం చేశారు, జైళ్లకు వెళ్లారు. పదేళ్ల తర్వాత, 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక దాన్ని తీసి మ్యూజియంలో పెట్టారు. సరైన పనే చేశారని నేను మనస్ఫూర్తిగా అంటాను.

అదే ఊళ్లో హైకోర్టు ప్రహరీగోడకు ఒక చిన్న శిలాఫలకం ఉంది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ వచ్చి మద్రాసు మీద గుండ్లు కురిపించింది. హార్బర్ దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు అంటుకున్నాయి. మనుషులు పోయారు. తర్వాత ఎన్నాళ్లో జనం మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలిపోయారు. ఒక గుండు పడ్డ చోటును ఆ ఫలకం గుర్తు చేస్తుంది. దాని ముందు ఫుట్‌పాత్ మీద రోజూ ఎంతమంది నడుస్తారో. జార్జిటౌన్‌లో మా అమ్మమ్మ వాళ్ల తెలుగు కుటుంబం మూడు తరాలు ఉంది. ఆ రాత్రి ఆకాశం ఎర్రబడిందని వాళ్లమ్మ చెప్పిన మాట మా అమ్మమ్మ మాకు చెప్పేది. నలభై ఏళ్లు వచ్చాక గానీ ఆ ఫలకాన్ని వెతుక్కుంటూ వెళ్లలేదు నేను. వెళ్లి చేయి ఆనించాను. అంతే, ఇంకేం చేయాలో తెలియలేదు.

నీల్ విగ్రహం ఒక అధికారిని గొప్పవాడు అని నిలబెట్టింది. ఎండెన్ ఫలకం గుండు పడ్డ చోటు చూపిస్తుంది. రెండూ రాళ్లే కానీ అడిగేది వేరు.

సూటిమాట (వరంగల్)

లక్ష్మి గారూ, సుబేదార్ గారి మనవడు గారూ, మీరు రాసింది రెండు రోజులు మనసులో పెట్టుకుని తిరిగాను. నీల్ విగ్రహానికీ పయనీర్ల స్తంభానికీ తేడా ఉంది, ఒప్పుకుంటాను. "చెల్లెలి పెళ్లి ఉంది" అన్న మాట నన్ను వదల్లేదు.

అయినా ఒకటి అడుగుతాను. బెంగళూరులో 1791 ముట్టడిలో చనిపోయిన కంపెనీ సైన్యం కోసం ఒక స్మారకం ఉండేదట, 1964లో కూల్చేశారని చదివాను. దాన్ని కూడా ఉంచాల్సిందంటారా? టిప్పు సుల్తాన్ కోట మీదికి వచ్చినవాళ్లది కదా.

కోరమంగళ వాసి (బెంగళూరు)

అవును, కార్పొరేషన్ ఆఫీసు దగ్గర ఉండేది. ఇప్పుడు నృపతుంగ రోడ్డు అంటున్నదాన్ని అప్పట్లో దాని పేరు మీదే సెనొటాఫ్ (స్మారక కట్టడం) రోడ్డు అనేవారు. కన్నడవాళ్ల ఊళ్లో, వాళ్ల కోట మీద పడినవాళ్ల గుర్తు వాళ్లకు నచ్చలేదు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, వాళ్లను తప్పు పట్టను. నేనైతే తీసి మ్యూజియంలో పెట్టేవాణ్ణి, పగలగొట్టేవాణ్ణి కాదు. ఆ ముట్టడిలో రెండు వైపులా మనలాంటి నల్లవాళ్లు చచ్చిపోయారు. కంపెనీ వైపు మద్రాసు సిపాయిలు. అటు చూస్తే కోట కాపాడుతూ మైసూరు వాళ్లు. కోట గోడ కింద ఎవరి శవం ఎవరిదో వేరు చేయగలిగి ఉంటారా? దీని మీద మీకూ నాకూ ఏకాభిప్రాయం రాకపోవచ్చు. ఫర్వాలేదు.

బీచ్‌రోడ్డు (విశాఖపట్నం)

మా ఊళ్లో సమస్య ఇంకో రకం. ఇక్కడ స్మారకం అందరికీ కనిపిస్తుంది, అందరూ ఆగుతారు, ఫొటోలు తీసుకుంటారు. చదివేవాళ్లే లేరు.

ఆర్కే బీచ్ దగ్గర "విక్టరీ ఎట్ సీ" స్మారకం 1996లో కట్టారు, 1971 యుద్ధంలో నౌకాదళం గెలుపు గుర్తుగా. డిసెంబర్ 4న నేవీ డే నాడు అక్కడ పుష్పగుచ్ఛాలు పెడతారు. ఆ యుద్ధం మొదలైన రాత్రే, డిసెంబర్ 3, 4 మధ్య, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మా తీరానికి దగ్గర్లో మునిగిపోయింది. అది మా ఊరి కోసమే, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చింది. అందులో ఉన్న తొంభై మందికి పైగా అందరూ పోయారు, ఇంకా ఆ నీళ్లలోనే ఉన్నారు. శత్రువులే. అయినా సాయంత్రం గట్టు మీద కూర్చుని సముద్రం వైపు చూస్తే నాకు వాళ్లు కూడా గుర్తొస్తారు. ఇది తప్పని ఎవరైనా అంటే వింటాను.

అంతకు ముందు ఇంకో దెబ్బ తగిలింది మాకు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పేలని బాంబు ఒకటి అదే బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. మా నాన్నమ్మకు అప్పుడు ఎనిమిదేళ్లు. ఊరంతా ఖాళీ అయిందనీ, బండి కట్టుకుని చోడవరం వైపు వెళ్లిపోయామనీ చెప్పేది. పోయిన నెల మా అబ్బాయిని ఆ బాంబు ముందు నిలబెట్టి ఈ మాట చెప్పాను. "అంటే నాన్నమ్మ వాళ్ల నాన్నమ్మ మీద వేశారా?" అన్నాడు. కాదురా, మా నాన్నమ్మ మీదే అన్నాను. వాడి మొహం మారిపోయింది.

రాతి అక్షరం (గుంటూరు)

పాత శాసనాలు చదవడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. స్మారకాల దగ్గరికి వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు చెప్పాలి.

అరిగిపోయిన అక్షరాలు మధ్యాహ్నం ఎండలో కనబడవు. పొద్దున సూర్యుడు పక్క నుంచి పడేటప్పుడు వెళ్లండి. లేదంటే చీకట్లో టార్చి లైటును రాతికి ఆనించినట్టు పక్క నుంచి వేయండి. లోతులో నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. ఏమీ లేదనుకున్న పలక మీద మొత్తం పటాలం పేరు బయటపడడం నేను చూశాను.

దయచేసి వైర్ బ్రష్, యాసిడ్ వాడకండి. జెండా పండుగలకు ముందు మంచి మనసుతోనే సున్నమో ఎనామెల్ పెయింటో కొడతారు. అక్షరం పూడుకుపోతుంది. మరుసటి ఏడు పెయింటరు దాని మీద నల్లరంగుతో తోచినట్టు అక్షరం దిద్దుతాడు. అలా రెండు మూడు సార్లయ్యాక మనిషి పేరే మారిపోతుంది. మా దగ్గర ఒక పాత చావిడి గోడలో మొదటి యుద్ధానికి ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్లారు, ఇంతమంది తిరిగి రాలేదు అని చెప్పే పలక ఉంది. అలాంటివి దేశమంతా చాలా ఊళ్లలో పెట్టారు. మా పలకలో అంకెలు రంగు కింద పూడిపోయాయి. ఎంతమంది వెళ్లారో, ఎంతమంది రాలేదో ఆ రాయి ఇక చెప్పలేదు.

ఇంకోటి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్ల వివరాలు ఉచితంగా చూడొచ్చు. పటాలం పేరుతో వెతికితే కొందరికి తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కూడా ఉంటాయి. తెల్లవాళ్ల స్పెల్లింగ్‌లో ఊళ్ల పేర్లు గుర్తుపట్టడానికి ఓపిక కావాలి, పైకి చదివి చూడండి, చెవికి తగులుతుంది.

కోరమంగళ వాసి (బెంగళూరు)

రాతి అక్షరం గారు చెప్పినట్టు రాత్రి రెండింటిదాకా వెతికాను. పయనీర్ల జాబితాలో మా రాయలసీమ ఊళ్లు తగిలాయి. మా అమ్మమ్మ ఊరికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు ఒకటి ఉంది. పేరు ఇక్కడ రాయను, ముందు ఆ ఊరు వెళ్లి వాళ్లవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కుంటాను. వాళ్లకు తెలియకుండా మనం చెప్పుకోవడం బాగుండదు.

సింగపూర్ శ్రావణి

ఇక్కడ ఎస్ప్లనేడ్ పార్కులో, చుట్టూ ఎత్తయిన బిల్డింగుల మధ్య, ఆజాద్ హింద్ ఫౌజ్ స్మారకం ఉండిన చోటుకు ఒక గుర్తు ఉంది. 1945 జూలై 8న నేతాజీ స్వయంగా శంకుస్థాపన చేశారు. దాని మీద ఇత్తెఫాక్, ఇత్మాద్, కుర్బానీ అని మూడు మాటలు. అంటే ఐక్యత, నమ్మకం, త్యాగం. రెండు నెలలు తిరగలేదు, బ్రిటిష్ వాళ్లు తిరిగొచ్చి మౌంట్‌బాటన్ ఆదేశంతో పేల్చేశారు. యాభై ఏళ్ల తర్వాత, 1995లో సింగపూర్ ప్రభుత్వం అక్కడ గుర్తు ఫలకం పెట్టింది.

మలయా రబ్బరు తోటల్లో పనిచేసిన తమిళులతో పాటు మన తెలుగువాళ్లు కూడా ఆ ఫౌజులో చేరారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి కూలికి వచ్చినవాళ్ల పిల్లలు. ఇంకెందరినో జపాన్ సైన్యం బర్మా రైలుమార్గం పనికి తోలుకెళ్లింది, తిరిగి రానివాళ్లే ఎక్కువ. సూటిమాట గారూ, ఈ ఊళ్లోనే క్రాంజి యుద్ధ స్మారకంలో బ్రిటిష్ వైపు పోరాడి పోయిన భారతీయుల పేర్లూ గోడ మీద ఉన్నాయి. నేను ఏటా రెండు చోట్లకూ వెళ్తాను. ఒకే ఇంటి అన్నదమ్ములు చెరో వైపు ఉండి ఉండవచ్చు కదా అనిపిస్తుంది.

జాతీయ రహదారి (సూర్యాపేట)

మా ఊళ్లో కల్నల్ సంతోష్ బాబు గారి విగ్రహం ఉంది. 2020 జూన్ 15న గల్వాన్‌లో ఆయనతో కలిపి ఇరవై మంది మన సైనికులు ప్రాణాలు ఇచ్చారు. ఆయన శవపేటిక ఊరికి వచ్చిన రోజు రోడ్డు పొడుగునా నిలబడ్డాం, నేనూ ఉన్నాను. ఇప్పటికీ అటు వెళ్లే ప్రతివాడికీ ఆయన ఎవరో తెలుసు. కానీ ఈ చర్చ చదివాక భయం వేసింది. పయనీర్ల రాయి నిలిపిన రోజు కూడా ఇలాగే జనం ఏడ్చి ఉంటారు కదా. అందుకని మా స్కూల్లో (నేను టీచర్‌ని) ఎనిమిదో తరగతి పిల్లలతో ఆ ఇరవై మంది పేర్లు, ఊళ్లు రాయించి గోడకు పెట్టించాను.

ట్రాఫిక్ బాధితుడు (సికింద్రాబాద్)

అందరూ మనసుతో రాస్తున్నారు, నేను కాస్త ప్రాక్టికల్‌గా అడుగుతాను. రోడ్ల మధ్య, బస్టాపుల్లో ఉన్నంత కాలం వీటికి పొగ, ఉమ్మి, ఫ్లెక్సీలు తప్పవు. ప్రశాంతమైన పార్కుకో, పరేడ్ గ్రౌండ్ దగ్గర వీరుల సైనిక స్మారకం ఆవరణలాంటి చోటుకో తరలిస్తే మేలు కదా. అక్కడ కనీసం ఆగస్టు 15కు, జనవరి 26కు ముఖ్యమంత్రి వచ్చి నివాళి అర్పిస్తారు, శుభ్రంగా ఉంటుంది.

మూసీగట్టు (హైదరాబాద్)

మీ బాధ నిజమే. అయినా నేను ఒప్పుకోలేను. కోఠీ స్తంభం అక్కడే ఎందుకుంది? తుర్రేబాజ్ ఖాన్ మనుషులు నిలబడింది అక్కడ కాబట్టి. పార్కులో పెడితే అది ఎక్కడి రాయో అవుతుంది. ఉమ్మి, ఫ్లెక్సీ మనం మానుకోవాల్సినవి, దాని కోసం ఆయన్ని మళ్లీ ఊరి నుంచి వెళ్లగొట్టడం ఎందుకు? ఒకసారి తూప్రాన్ దాకా తరిమారు, చాలు.

మొన్న ఆదివారం పొద్దున ఐదున్నరకు టార్చి పట్టుకుని వెళ్లాను. పాతబస్తీ పిల్ల వాళ్ల అమ్మగారితో కలిసి వచ్చింది. ఆవిడ కత్తెర తెచ్చారు, తాడు కోసేశాం. బట్ట తడిపి దుమ్ము తుడిచాం, రాతి అక్షరం గారు చెప్పినట్టే, రుద్దకుండా. బస్సులు ఇంకా మొదలు కాలేదు. పక్కన టీ పోసే ఆయన, ముప్పై ఏళ్లుగా అదే చోట ఉన్నానన్నాడు, ఏం చేస్తున్నారని వచ్చాడు. ఆ రాత్రి కథ చెప్పాం, కాల్పులు ఎటు వైపు నుంచి జరిగాయో చేత్తో చూపించాం. ఆయన గోడ వైపు చూశాడు, స్తంభం వైపు చూశాడు. "తుర్రం ఖాన్ అంటే నిజంగా మనిషేనా?" అన్నాడు. అవునన్నాను. టీకి డబ్బులు తీసుకోలేదు. తాడు ఎవరైనా మళ్లీ కడితే తానే విప్పుతానన్నాడు.

కోరమంగళ వాసి (బెంగళూరు)

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి నేను బ్రిగేడ్ రోడ్డు కూడలిలో ఉంటాను. ఒపేరా హౌస్ వైపు నిలబడతాను. టార్చి, మెత్తని బట్ట నా దగ్గరున్నాయి. బెంగళూరులో ఉన్నవాళ్లు ఎవరైనా వస్తే దూరం అక్షరాలు చదవగలిగే కళ్లద్దాలు తెచ్చుకోండి, పై వరుసలు ఎత్తులో ఉన్నాయి.

సూటిమాట (వరంగల్)

శనివారం రాత్రి బస్సుకు టికెట్ తీసుకున్నాను. ఆరింటికి అందుతానో లేదో, కాస్త ఆగండి.